వెలివాడ పాఠాలు – 19: బూమ్‌లో మన భూమి, స్లంప్‌లో మన జీతం

ఫ్లాట్లు అమ్ముడుపోనప్పుడే రియల్ ఎస్టేట్ వాళ్లకు ప్రకృతి గుర్తొస్తుంది.

2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయిందని టీవీలన్నీ ఊగిపోయిన రోజులు గుర్తున్నాయి కదా. అప్పుడు ఎవడి నోట విన్నా ఆకాశహర్మ్యాలే, నలభై అంతస్తులే. తర్వాత ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది, 2024 జులైలో హైడ్రా వచ్చింది, ఏ చెరువు ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా ఉందోనన్న భయం పట్టుకుంది. ఐటీలో ఉద్యోగాలు పోతున్నాయన్న వార్తలు వేరే. కొనేవాళ్లు ఆగిపోయారు. మార్కెట్ పడిపోయిందని ఇప్పుడు బిల్డర్లే మొత్తుకుంటున్నారు. సరిగ్గా ఈ సమయంలోనే శంకర్‌పల్లి దారి పట్టినా, వికారాబాద్ దారి పట్టినా, షాద్‌నగర్, కడ్తాల్, సదాశివపేట ఎటు పోయినా రోడ్డు పక్కన ఒకే రకం బోర్డులు లేచాయి. మామిడిచెట్టు, దాని కింద ఉయ్యాల, ఉయ్యాలలో తెల్లటి పిల్ల, వెనక నీలం రంగు ఈతకొలను. పైన 'సమ్మర్ రిసార్ట్ కమ్యూనిటీ' అని రాత. కింద గుంటల లెక్కన ధర.

ఈ వారం దీని గురించే రాస్తాను. ఇందులో ఇద్దరు మనవాళ్లున్నారు. ఒకరు భూమి పోగొట్టుకున్నవాళ్లు, ఇంకొకరు జీతం పోగొట్టుకోబోతున్నవాళ్లు.

ముందు సరుకేమిటో చూద్దాం. ఇది ఇల్లు కాదు, ఇంటి స్థలమూ కాదు. అలాగని పొలమూ కాదు. వ్యవసాయ భూమిలో రెండు గుంటలో, మూడు గుంటలో, ఐదు గుంటలో గీత గీసి ఇస్తారు. గుంట అంటే 121 గజాలు. ఆ ముక్కలో పది మామిడి మొక్కలో, ఎర్రచందనం మొక్కలో నాటి మేమే పెంచుతామంటారు. మధ్యలో క్లబ్‌హౌస్, ఈతకొలను, నాలుగు కాటేజీలు. కొన్నవాళ్లకు ఏడాదికి ఇన్ని రాత్రులు ఉచితం. మిగతా రోజుల్లో కాటేజీలు అద్దెకిచ్చి అందులో మీకు వాటా. ఇంకొంచెం తెగించినవాళ్లు నెలకు ఒక శాతం గ్యారంటీ అద్దె అంటారు. మరీ తెగించినవాళ్లు మూడేళ్ల తర్వాత మేమే ఒకటిన్నర రెట్లకు తిరిగి కొంటాం, బాండ్ పేపర్ మీద రాసిస్తాం అంటారు.

స్లంప్‌లో ఇదే ఎందుకొచ్చింది? దీని వెనక ప్రకృతి ప్రేమేమీ లేదు, ఉన్నది అప్పు. ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు వడ్డీకి తెచ్చి, వందల ఎకరాలకు అగ్రిమెంట్లు రాయించుకున్నారు. ఇప్పుడు అక్కడ విల్లాలు కట్టే స్థితి లేదు, కట్టినా కొనేవాడు లేడు. వడ్డీ మాత్రం ఆదివారం కూడా పెరుగుతుంది. కోటిన్నర పెట్టే ఐటీ ఉద్యోగి పోయాడు కాబట్టి ఐదారు లక్షలు పెట్టగలిగే మనిషిని వెతకాలి. ఆ మనిషికి ఇల్లు చూపించాలంటే పర్మిషన్ కావాలి, పునాది తీయాలి, సిమెంటు కొనాలి. ఎండాకాలం, మామిడిచెట్టు నీడ, చల్లగాలి చూపించడానికి ఇవేవీ అక్కర్లేదు. ఒక గేటు, ఒక కమాను, ఒక ఈతకొలను చాలు.

ఒక లెక్క వేసుకుందాం. ఎకరానికి 4840 గజాలు. రోడ్లకు, క్లబ్‌కు నలభై శాతం తీసేసినా 2900 గజాలు మిగులుతాయి. గజం ఐదు వేలనుకుంటే ఎకరం మీద కోటీ నలభై ఐదు లక్షలు. ఆ భూమి మొదటి యజమానికి ముట్టిందెంత? మీ ఊళ్లో మీరే అడిగి చూడండి. నేనడిగిన చోటల్లా జవాబు లక్షల్లోనే వచ్చింది. కొన్ని చోట్ల అదీ రాలేదు, 'పిల్ల పెళ్లికి అప్పు కింద రాసిచ్చినం సార్' అన్నారు.

ఇక అమ్మేవాళ్ల సంగతి. మా కాలేజీలో గెస్ట్ లెక్చరర్లకు పీరియడ్ లెక్కన జీతం. ఎండాకాలం పీరియడ్లుండవు, జీతముండదు. ఎంఏలు, నెట్లు, కొందరికి పీహెచ్‌డీలు. ఏప్రిల్ చివర్లో కంపెనీ మనిషి స్టాఫ్‌రూమ్‌కే వస్తాడు. 'సార్, మీరు అమ్మక్కర్లే, పరిచయం చేస్తే చాలు' అంటాడు. అలా మా సహోద్యోగులు 'మార్కెటింగ్ అసోసియేట్లు' అయ్యారు. తన కింద ఇద్దరిని చేర్పిస్తే వాళ్ల అమ్మకంలోనూ వాటా. వాళ్ల మీద నాకు కోపం లేదు. రెండు నెలలు పస్తుండమని చెప్పే అధికారం నాకెక్కడిది? కోపమల్లా పాఠం చెప్పిన మాస్టారి మీద పిల్లలకుండే నమ్మకానికి కూడా కమిషన్ కట్టిన కంపెనీ మీద. పాత విద్యార్థికి ఫోన్ చేసి 'ఏరా బాగున్నావా' అని అడిగితే వాడు ఏడుస్తాడు, మా సార్ నన్ను గుర్తుపెట్టుకున్నాడని. రెండో నిమిషంలో సైట్ విజిట్ మాటొస్తుంది.

మనదాకా వచ్చేటప్పుడు ఈ ఫోన్ 'జై భీమ్ సార్' అని మొదలవుతుంది.

ఇది నిజం. ఈ ఎండాకాలం నాకలా మూడు ఫోన్లొచ్చాయి. మాట్లాడింది మన కుర్రాళ్లే. 'మన ఉద్యోగులకు స్పెషల్ రేటు పెట్టిచ్చినం సార్. ఎప్పుడూ దొరలకేనా ఫామ్‌హౌస్‌లు? మనకొద్దా?' ఈ ప్రశ్న ఎంత పదునైనదో చూడండి. మొదటి తరం ఉద్యోగి. నాన్న జీతగాడు. తను టీచరో, బ్యాంకు క్లర్కో, ఆర్టీసీలో కంట్రోలరో. రిటైర్మెంటుకు నాలుగేళ్లుంది, పీఎఫ్ ఉంది, ఎల్‌ఐసీ మెచ్యూర్ అయింది. జీవితమంతా అద్దె ఇంటి ఓనరు 'మీరేవాళ్లు' అని అడిగిన ప్రశ్న గుండెలో ముల్లులా ఉంది. అలాంటి మనిషికి ఎవరో వచ్చి 'సార్, మీ పేరు మీద ఒక తోట' అంటే కళ్లు తడవకుండా ఉంటాయా? అవమానాన్ని కూడా మార్కెటింగ్ పాయింట్ చేయొచ్చని కనిపెట్టినవాడు మామూలోడు కాదు.

అందుకే సైట్ విజిట్ అంటే ఏమిటో చూద్దామని ఏప్రిల్ చివరి ఆదివారం నేనూ బస్సెక్కాను. కొనే డబ్బూ లేదు, ఉద్దేశమూ లేదు. వికారాబాద్ దారి. ఏసీ బస్సు, మజ్జిగ ప్యాకెట్లు, మైకులో ఒకాయన 'ఆస్తి అంటే అమ్మ' లాంటి మాటలు. బస్సులో ముప్పైమంది పైనే, సగానికి సగం రిటైరైనవాళ్లు, పక్కన భార్యలు. దిగగానే మెళ్లో పూలదండ వేశారు. జీవితంలో మన మెళ్లో పూలదండ పడే సందర్భాలు తక్కువ కదా, కొందరు ఫొటోలు దిగారు. బిర్యానీ లేదు. 'సాత్విక భోజనం' పెట్టారు. ఎందుకని అడిగితే 'ఇది ప్యూర్ వెజ్ కమ్యూనిటీ సార్, లోపల గోశాల ఉంది' అన్నాడు కుర్రాడు. జై భీమ్ అని ఫోన్ చేసిన కుర్రాడే. ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. వాడు కళ్లు దించుకున్నాడు. పోనీలే పాపం అని నేనూ వదిలేశాను.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ని. నాకు చేతనైన పని పాఠం చదవడం. బ్రోచర్ కూడా పాఠమే. అందులో మొదటి మాట 'ఊరికి దూరంగా'. ఈ మాట మా తాత వింటే పడీ పడీ నవ్వేవాడు. ఊరికి దూరంగా బతకడానికి ఆయన ఎవరికీ పైసా కట్టలేదు, ఊరే ఉచితంగా పెట్టింది. గాలి ఏ వైపు వీస్తే ఊరికి మా వాసన రాదో లెక్క చూసి మరీ వాడలు కట్టించారు. చెరువు కింద పారే భూములు ఊరివి, రాళ్లు తేలిన మిట్టలు మావి. ఆ మిట్టలే ఇప్పుడు 'హిల్ వ్యూ'. ఊరికి దూరం అనే అదే దూరం మనకు వెలి అయింది, వాళ్లకు రిసార్ట్ అయింది.

రెండో మాట 'పల్లె జీవితం'. పల్లెను ఇంత ముద్దుగా చూసేవాళ్లను చూస్తే నాకు 1948 నవంబర్ 4 గుర్తొస్తుంది. రాజ్యాంగ సభలో ఆ రోజు బాబాసాహెబ్ పల్లె గొప్పదనం గురించి కలలు కనేవాళ్లకు గట్టిగా జవాబిచ్చాడు. పల్లె అంటే ఇరుకుతనం, అజ్ఞానం, మత ఛాందసం పేరుకున్న చోటని చెప్పాడు. బ్రోచర్ పల్లెలో ఎడ్లబండి ఉంటుంది, దాన్ని తోలినవాడుండడు. బావి ఉంటుంది, అందులో నీళ్లు తోడనివ్వని చరిత్ర ఉండదు. కుండ ఉంటుంది, కుమ్మరి ఉండడు. డప్పు మాత్రం ఉంటుంది, వీకెండ్ ఈవెంట్లో. దాన్ని కొట్టడానికి మాదిగ కుర్రాళ్లు గంటల లెక్కన వస్తారు, కొట్టి గేటు బయటికి పోతారు.

మూడో మాట 'ఒకే మనసున్న కుటుంబాలు'. దీన్ని పాత తెలుగులోకి మారిస్తే ఒక్క మాట చాలు, అగ్రహారం. రాజుగారి దానశాసనం పోయింది, సేల్ డీడ్ వచ్చింది. కులం పేరు రాస్తే కేసవుతుంది కాబట్టి తిండి పేరు రాస్తారు.

పేర్ల గురించి ఇంకొక్క మాట చెప్పి అసలు విషయానికొస్తాను, తెలుగు మాస్టారి బలహీనత అనుకోండి. వేసవి విడిది అనే వ్యవహారం తెల్లదొరలు మనకు నేర్పిందే. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ అంటాం కదా, స్థానికుల నోట అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన అడవిపిల్ల మల్లమ్మ కథ అక్కడిది. కడప కలెక్టర్ డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఎండలు తట్టుకోలేక కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. కొండ ఆయనదైపోయింది, మల్లమ్మకు గుడి మిగిలింది. ఊటీలో తోడాల దగ్గర జాన్ సల్లివాన్ ఎకరం రూపాయి లెక్కన తీసుకున్నాడని చెబుతారు. విడిది పుట్టిన ప్రతిచోటా ముందొక పేరు చస్తుంది. మన దారుల్లో చూడండి, సర్వే నంబర్లకు ఉండే పేర్లు, 'మాలోళ్ల చెలక', 'మాదిగ కుంట', 'ఈనాం పొలం', ఒక్కటీ బోర్డు మీద ఉండదు. పేరే దానికి సాక్ష్యం కాబట్టి.

ఆ ఆదివారం అందరూ డెమో కాటేజీ చూస్తుంటే నేను మొక్కలకు నీళ్లు పడుతున్న ఒక పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. ఊరేదని అడిగాను. చేతిలో పైపుతోనే చూపించింది, కాంపౌండ్ గోడ అవతల కనబడే వాడ. 'గీ జాగ మాదే బిడ్డా. మా మామకు ఇందిరమ్మ పట్టా ఇచ్చింది. గా యాపచెట్టు కాడ బాయి తవ్వుకున్నం.' వేపచెట్టు ఉంది. బావిని పూడ్చి మీద తులసికోట కట్టారు. ఎవరికి అమ్మారమ్మా అంటే అమ్మలేదంది. ఊళ్లో పెద్దమనిషి దగ్గర అప్పు తీసుకుంటే పట్టా కాయితం ఆయన పెట్టుకున్నాడట, మామ చచ్చిపోయాడట, కొడుకులు పట్నంలో కూలికి పోయారట. 'కంపిని వచ్చినంక మల్ల నన్నే పనికి పెట్టుకున్నరు' అని నవ్వింది. ఆమె చెప్పింది నిజమా కాదా అని నేను తీర్పు చెప్పను. రికార్డు చూడాలి. అసలా మాట విన్న తర్వాత రికార్డు చూడకుండా అక్కడ గజం కూడా కొనకూడదన్నదే నా వాదన.

చట్టమేమంటోంది? ఈ ముక్క కొంచెం ఓపిగ్గా చదవండి. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మడానికి వీల్లేదని 1958 జులై నాటి జీవో 1406లోనే షరతుంది. ఆ షరతును ఎవడూ లెక్కచేయకపోతే 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు, 1977 నాటి 9వ చట్టం. దాని ప్రకారం అసైన్డ్ భూమిని అమ్మినా, తాకట్టు పెట్టినా, దానమిచ్చినా, కౌలుకిచ్చినా చెల్లదు. కొన్నవాడి చేతిలో ఎన్ని కాయితాలున్నా ఆ భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకో, అతని వారసులకో అప్పజెప్పాలి. తెలంగాణలో 2018లో చేసిన సవరణ కొన్నవాళ్లకు ఒక దారి ఇచ్చింది, అదీ కొన్నవాడు తనూ భూమిలేని పేద అయితేనే. ఈతకొలను ఉన్నవాడు భూమిలేని పేద ఎలా అవుతాడో నాకైతే తెలియదు. దీనికితోడు ఎస్సీలకు, ఎస్టీలకు కేటాయించిన భూమిని అక్రమంగా ఆక్రమించడం, వాళ్లను అందులోంచి వెళ్లగొట్టడం అట్రాసిటీ చట్టం మూడో సెక్షన్ కింద నేరం.

చట్టం ఇంత గట్టిగా ఉంటే భూములెలా పోయాయంటారా? రికార్డులో పోయాయి. 2020లో ధరణి వచ్చినప్పుడు పహాణీల్లో ఉండే అనుభవదారు కాలమ్ మాయమైంది. దున్నేవాడు ఎవడన్నది కాయితం మీద లేకుండా పోయింది. పట్టాదారు ఎవడన్నది ఒక్కటే మిగిలింది, అది ఎవడి చేతిలో పాస్‌బుక్ ఉంటే వాడు. ఇప్పుడు 2025 ఏప్రిల్ 14న, సరిగ్గా అంబేడ్కర్ జయంతి నాడు భూభారతి ప్రారంభించారు. తేదీ బాగుంది. పోయిన పేర్లు తిరిగొస్తాయా అన్నది మనం దరఖాస్తు పెడితేనే తేలుతుంది.

2014లో దళితులకు మూడెకరాలన్నారు. కొంతమందికి ఇచ్చారు, ఫొటోలు దిగారు. ఆ తర్వాత సర్కారు ధరకు భూమి దొరకడం లేదన్నారు. రియల్ ఎస్టేట్ పెరిగి, ధర పెరిగి, మూడెకరాలు కొనలేని ప్రభుత్వం అదే ధరను చూపించి అదే రాష్ట్రంలో వేలం పాటలు పాడింది. బూమ్ అంటే మన విషయంలో ఇది. ధర పెరిగితే మనకు భూమి రాదు, ఉన్నది పోతుంది. ధర పడితే మనకు చవగ్గా దొరకాలి కదా? అదీ లేదు. ధర పడినప్పుడు గుంటల ముక్కలు చేసి, మనం బతికున్నంత కాలం దాచుకున్న డబ్బుకు మనకే అంటగడతారు. పెద్దవాడి నష్టాన్ని చిన్నవాళ్లు తలా ఐదు లక్షలు పంచుకుని మోయడం, ఈ సమ్మర్ రిసార్ట్ పథకం అసలు పేరు అదీ.

ఆ ఐదు లక్షలు ఏమవుతాయో చూడండి. వ్యవసాయ భూమిని ఇరవై గుంటల కంటే చిన్న ముక్కలుగా ఫామ్ ప్లాట్ల పేరుతో అమ్మకూడదని తెలంగాణలో ఆంక్షలున్నాయి. 2025 మొదట్లో హైడ్రా కూడా ఫామ్ ప్లాట్లు కొనొద్దని జనాన్ని హెచ్చరించింది. అందుకే మీకు కొన్నిచోట్ల విడి రిజిస్ట్రేషన్ చేయరు, 'అవిభక్త వాటా' అంటారు. అంటే ముప్పై ఎకరాల్లో మీ రెండు గుంటలు ఎక్కడున్నాయో దేవుడికి కూడా తెలియదు. ఇంకొన్నిచోట్ల అదీ లేదు, ప్రీ లాంచ్ రశీదు ఒకటి లామినేషన్ చేసి ఇస్తారు. రెరా చట్టం 2016 ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన ప్లాటింగ్‌ను రిజిస్టర్ చేయించకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కాని ఇది వ్యవసాయ భూమి, మాకు రెరా వర్తించదు అని వాళ్లే చెబుతారు. మరి ఈతకొలనులో ఏ పంట పండుతుందండీ? మొక్కలు నాటాం కాబట్టి పొలం, క్లబ్ ఉంది కాబట్టి రిసార్ట్, ధర చెప్పేటప్పుడు గజాలు, చట్టం అడిగినప్పుడు గుంటలు.

నెలకు ఒక శాతం గ్యారంటీ అద్దె సంగతీ అంతే. పది లక్షలు కట్టారు, నెలకు పదివేలు వస్తుంది. మొదటి ఏడాది లక్షా ఇరవై వేలు చేతికొచ్చేసరికి మీరే ఇంకో నలుగురికి చెబుతారు. జనం ఇంకా రాని కాటేజీకి అద్దె ఎక్కడిది? మీ పది లక్షల్లోంచి మీకే ఇచ్చారు, లేదా మీరు తెచ్చిన నలుగురి డబ్బులోంచి. ఇలా నియంత్రణ లేకుండా డిపాజిట్లు సేకరించే పథకాల మీద 2019లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టమే చేసింది. చట్టం పని చేసేసరికి కంపెనీ ఆఫీసుకు తాళం ఉంటుంది, మీరు రోడ్డు మీద ప్లకార్డు పట్టుకుని ఉంటారు. మన సంఘాల్లో కొందరు ఇప్పటికే అలా నిలబడి ఉన్నారు. పరువు పోతుందని బయటకు చెప్పరు.

చిన్న కంపెనీలు కాబట్టి మోసం చేస్తాయి, పెద్దవాళ్లైతే పర్లేదు అనేవాళ్లకు లవాసా చూపిస్తాను. పుణె దగ్గర ముల్షి తాలూకాలో, వరస్‌గావ్ డ్యామ్ నీళ్ల పక్కన వేలాది ఎకరాల్లో హిల్ సిటీ. పేరుకు ఏ భాషలోనూ అర్థం లేదు, బ్రాండింగ్ కంపెనీ తయారుచేసిన మాట అది. వెనక దేశంలో పేరున్న నిర్మాణ సంస్థ ఉంది. 2010 నవంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమని నోటీసిచ్చింది. కాత్కరీ, మహాదేవ్ కోలీ ఆదివాసుల భూములు, సీలింగ్ కింద పేదలకు పంచిన భూములు కూడా అందులో కలిపేశారని ప్రజాసంఘాలు ఆరోపించాయి. 2018లో అది దివాళా కోర్టుకెక్కింది. ఇళ్లకు డబ్బు కట్టినవాళ్లు ఏళ్ల తరబడి క్యూలో నిలబడ్డారు. బ్యాంకుల అప్పుల లెక్క తేల్చేటప్పుడు అందరికంటే చివర ఎవరుంటారు? ఇల్లు కొన్నవాడికన్నా కింద ఒకడున్నాడు, భూమి ఇచ్చినవాడు. వాడి పేరు క్లెయిముల జాబితాలో కూడా ఉండదు.

కామెంట్లలో రాబోయే ప్రశ్న నాకు తెలుసు. 'దళితుడు ఫామ్‌హౌస్ కొనుక్కుంటే నీకెందుకు మంట?' మంట లేదన్నా. మనవాళ్లు భూమి కొనాలి. ఎంత కొంటే అంత కొనాలి. నేను అడిగేది ఒకటే, భూమి కొనండి, బ్రోచర్ కొనొద్దు. ఆ ఐదారు లక్షలకు ఒక్కరికి ఎకరం రాకపోతే ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి, హైదరాబాద్ నుంచి ఇంకో యాభై కిలోమీటర్లు అవతలికి పోయి, వేరే సర్వే నంబరులో, విడి పాస్‌బుక్‌తో, హద్దురాళ్లు పాతి కొనండి. అక్కడ ఉయ్యాల మీరే కట్టుకోండి. కోడి కూర మీరే వండుకోండి. గేటు దగ్గర నిలబడి మీ పొయ్యి వాసన చూసేవాడు లేని చోట.

ఇంకో ప్రశ్న కాస్త బరువైనది. అసైన్డ్ భూములను అమ్ముకునే హక్కు మనకే ఇస్తే ఈ దొంగ దారులు ఉండవు కదా అని మనలోనే వాదించేవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అదే చేశారు, ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కులన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేసి విచారణ పెట్టారు. చట్టం రాకముందే తెలిసినవాళ్లు పేదల దగ్గర అగ్గువకు రాయించుకున్నారన్న ఆరోపణలొచ్చాయి. నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోనివాళ్లతో గొడవ లేదు. ఊళ్లో మిగతావాడి భూమికి ఉన్న హక్కు మాలమాదిగల భూమికి ఉండకూడదనడం అవమానమే. కాని హక్కు వచ్చే వార్త మనకంటే ముందు రియల్ ఎస్టేట్ ఆఫీసుకు చేరినంత కాలం ఆ హక్కు కాయితం మన చేతిలో పడేసరికి దాని మీద మన వేలిముద్ర ముందే ఉంటుంది.

సెలవులు ఇంకా ఉన్నాయి. ఈ ఆదివారం కూడా బస్సులు కదులుతాయి. మీకు ఫోనొస్తే కుర్రాణ్ని తిట్టకండి, వాడికి జీతం లేదు. సర్వే నంబర్ అడగండి, రెరా నంబర్ అడగండి. 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబర్ ఉందో లేదో మీరే చూసుకోండి. 1954–55 ఖాస్రా పహాణీ నుంచి ఈనాటి వరకు ఆ నంబరులో ఎవరి పేర్లున్నాయో తహశీల్దార్ ఆఫీసులో నకలు తీయించండి. కంపెనీవాడు ఇచ్చిన జిరాక్స్ మీద ఆధారపడొద్దు. సైట్‌కు వెళితే ఈతకొలను దగ్గర కాదు, గోడ అవతల వాడలో కాసేపు కూర్చోండి. అక్కడ అడిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది.

అలా దొరికిన సర్వే నంబర్లు, ఊరి పేరు, మండలం నాకు మెసేజ్ చేయండి. మీ పేరు బయటపెట్టను. అసైన్‌మెంట్ రిజిస్టర్ నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో, ఏ ఆఫీసులో ఇవ్వాలో, వాళ్లు 'రికార్డు దొరకలేదు' అంటే అప్పీలు ఎవరికి చేయాలో వచ్చే భాగంలో నమూనాతో సహా పెడతాను. వికారాబాద్ వైపు నంబర్లు నాలుగు ఇప్పటికే నా దగ్గరున్నాయి. పెద్దమ్మ చూపించిన వేపచెట్టు సర్వే నంబర్ వాటిలో మొదటిది.

జై భీమ్.